రెండో రిమోటు

మొన్న మా పెద్దోడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మాటల్లో బయటపడింది. వాడు టీవీకి తగిలించే గేము పెట్టె ఒకటి కొనుక్కున్నాడు. కొన్నది చాలక దానికి నెలనెలా దుడ్లు కడతాండాడంట. నెలలో ఎన్ని దినాలు ఆడతావురా అంటే, యాడమ్మా, డ్యూటీకే సరిపోతాది, రెండు ఆదివారాలు ఆడితే ఎక్కువ అన్నాడు. మరి ఆడే నెల కట్టి, ఆడని నెల ఆపేసుకోకూడదా అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆ మాట నాది కాదు, మా వదినది.

మావాడు ఊరుకున్నాడా? "అత్త అట్లే చేసేది కదమ్మా" అని నవ్వినాడు. వానికి ఆమె మొగం కూడా సరిగ్గా గుర్తుండదు. అయినా ఆ ముక్క మాత్రం గుర్తుండాది. బుద్ధి చెప్పింది నేను, పేరు ఆమెకు. నాకు ఒళ్లు మండింది.

దాచిపెట్టేదేముంది, మా వదినంటే నాకు కుళ్లు. ఆమె బతికుండగా ఉన్నింది, పోయినాక కూడా ఉండాది. పోయినామె గురించి ఇట్ల మాట్లాడొచ్చునా అని మీరనుకుంటారేమో. నేను చెడ్డేం చెప్పడంల్యా. ఆమెతో వచ్చిన చిక్కే అది, ఎంత వెదికినా చెప్పేదానికి చెడ్డ దొరకదు. ఒక్క చెడ్డ గుణం ఉండింటే నేను ఎప్పుడో హాయిగా ఉందును.

మాది పెనుకొండ. నాయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. అన్న హిందూపురంలో ఒక మిల్లులో స్టోర్సు చూసేవాడు. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు తిరిగొచ్చేవాడు. తొంభైల్లో సంగతి ఇది. అన్నకు మొదటి బోనసు అందినప్పుడు అందరి మాదిరి గడియారమో గుడ్డలో కొనుక్కోకుండా, బెంగళూరు పోయి గేము సెట్టు పట్టుకొచ్చినాడు. నల్లపెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు. నడిమధ్య క్యాసెట్టు గుచ్చితే టీవీలో బొమ్మలు పరిగెత్తేవి. మొదటి రిమోటు అన్నది, రెండోది నాది. దాని మీద నా పేరు రాసిలేదు గానీ, నాదే. నేనప్పుడు డిగ్రీ మొదటేడు. సాయంత్రం అన్న కాళ్లు కడుక్కొని వచ్చేలోపల నేను చాప పరిచి, వైర్లు విడదీసి, మొదటి రిమోటు వాని తావున పెట్టి, రెండోది ఒళ్లో పెట్టుకొని కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి ఆడే ఆటలే తెమ్మనేదాన్ని. వాడు ముందు దూకితే నేను వెనక దూకేది, వాడు చస్తే నేను కాపాడేది. మా అవ్వ గోడకానుకొని చూస్తా, ఆ చచ్చే బొమ్మలను చూసి పాపం, యాడ బిడ్డలో అనేది. నా బతుకులో నాకు బాగా గుర్తుండేది ఆ రెండేండ్లే.

క్యాసెట్లు కొనే తాహతు మాకు లేదు. హిందూపురంలో స్టేషను దారిలో ఒక క్యాసెట్ల అంగడి ఉన్నింది. సినిమా క్యాసెట్ల పక్కన ఒక బీరువా నిండా గేము క్యాసెట్లు. నెలకింతని కట్టి కార్డు తీసుకుంటే ఒకసారికి ఒక క్యాసెట్టు ఇస్తాడు, నెలలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అన్న నెలనెలా మరిచిపోకుండా కట్టేవాడు, నాయన నెలనెలా మరిచిపోకుండా తిట్టేవాడు. అది మా ఇంటి పద్ధతి, ఎవరికీ బాధ లేదు.

అప్పుడొచ్చింది వదిన. ధర్మవరం పిల్ల. వాళ్లది మగ్గాల ఇల్లు, పట్టుచీరలు నేస్తారు. పొట్టిగా, సన్నగా, కండ్లు మాత్రం పెద్దవి. కొత్తకోడలు వచ్చిన మూడో దినం సాయంత్రం చాప పరిచి కూర్చునింటే, తలుపు కాడ నిలబడి చూస్తాంది. అన్న నా వైపు తిరిగి "ఏమ్మే, రవ్వంతసేపు మీ వదినకియ్యి" అన్నాడు. నేను రెండో రిమోటు ఆమె చేతికిచ్చి పక్కకు జరిగినాను.

ఆ రవ్వంతసేపు పదకొండేండ్లు పట్టింది.

మొదటి దినం ఆమె నిమిషం తిరక్కముందే చచ్చింది. నాకు లోపల్లోపల సంతోషం. ఆమె మాత్రం నొచ్చుకోలా. చచ్చిన చోట ఆపి, ఈ గోడ ఎన్నోది, ఆ పక్షి ఎన్ని అడుగులకొస్తాది అని అన్నను అడిగి తెలుసుకునింది. రెండో దినం గాజులు మోచేతి దాకా పైకి నెట్టి, గలగలమనకుండా జేబురుమాలుతో కట్టుకొని కూర్చునింది. ఒక మోకాలు పైకి లేపి, దాని మీద గడ్డం ఆనించి, కింది పెదవి పండ్లకింద పట్టుకొని ఆడేది. వారం తిరిగేసరికి అన్నను దాటిపోయింది. నేనైతే ఎప్పుడో దాటిపోయిన ఊరు. ఆ జేబురుమాలు కూడా నాదే. ఒక దినం అడిగి తీసుకొనింది, మళ్లా ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చిచ్చింది. కోపం తెచ్చుకునేదానికి కూడా సందు ఇచ్చేది కాదామె.

ఇంక కార్డు సంగతి. మొదటి నెల అయిపోయి, అన్న రెండో నెలకు కట్టబోతా ఉంటే ఆపింది. గోడకున్న క్యాలెండరు దించి, ఒళ్లో పరుచుకొని, మా అందరి ముందరా పెన్సిలుతో గీతలు కొట్టింది. జనవరిలో పండగ చుట్టాలు, ఆడేదుండదు. ఫిబ్రవరికి దినాలే తక్కువ, అదే దుడ్లకు మూడు దినాలు నష్టం. ఏప్రిల్, మే కరెంటు సగం దినం ఉండదు. ఆషాఢంలో తను పుట్టింట్లో ఉంటాది, మిల్లులో ఆడిట్టు నెల అన్న పొద్దుపోయి వస్తాడు. ఇట్లాంటివే ఇంకా కొన్ని కొట్టేస్తే ఏడాదికి నాలుగు నెలలు మిగిలినాయి. ఆ నాలుగు నెలలకే కార్డు, మిగిలిన నెలల్లో పెట్టెతోపాటు వచ్చిన ఆటలతో సర్దుకోవల్ల. అంగట్లో దుడ్లు తీసుకునేది దినాలకప్పా, క్యాసెట్లకు కాదు అనేది. ఈ మాట ఆమె నోట్లో నేను వెయ్యిసార్లు వినింటాను.

నాయన క్యాలెండరు తీసుకొని రెండుసార్లు చూసినాడు. పెట్టె ఇంటికొచ్చినప్పటి నుంచి దాని మొగం చూడని మనిషి, ఆ సాయంత్రం కుర్చీ దగ్గరికి జరుపుకొని కూర్చున్నాడు. కోడలికి తెలివుండాది అన్నాడు. నేను ఇరవయ్యేండ్లు ఆ ఇంట్లో పుట్టి పెరిగినాను, బి.కాం. చదువుతాన్నాను. ఆ మాట నా మీద ఒక్కసారి కూడా పడలేదు. అమ్మయితే వీధిలో ఉగ్గాని కోసం బొరుగులు కొనేదానికి పోయినా, మా కోడలు ఏడాదికి ఎనిమిది నెలల దుడ్లు మిగిలించింది అని చెప్పొచ్చేది. దేనికో మాత్రం చెప్పేది కాదు.

ఒక నెలలో అన్ని ఆటలు ఎట్ల ముగిస్తారని మీకు అనుమానం రావొచ్చు. అది ఇంకో తెలివి. పెద్ద ఆటల్లో ఒక్కో మజిలీ దాటినప్పుడల్లా టీవీలో పన్నెండంకెల నంబరు ఒకటి పడేది. మళ్లీ ఆడేటప్పుడు ఆ నంబరు కొడితే మొదటి నుంచి కాకుండా ఆ మజిలీ నుంచే మొదలవుతాది. మేము దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అందుకే ఒకే ఆటను మొదటి నుంచి మొదలుపెట్టి, సగంలో ఆపి, నెలలు నెలలు దుడ్లు పోసినాము. ఆమె ఆ నంబర్లన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేది. ఆట సగంలో కార్డు అయిపోయినా భయం లేదు. క్యాసెట్టు వెనక్కిచ్చేసి, మూడు నెలలకు మళ్లా తెచ్చుకొని, ఆపిన చోట నుంచే ఆడేది. ఆ నోటుబుక్కు టీవీ మీద, గుడ్డ కింద ఉండేది.

ఒకసారి నాకు హాల్ టికెట్టు పనుండి హిందూపురం పోతాంటే, నేనూ వస్తానని బయలుదేరింది. పని ముగిసినాక నేరుగా క్యాసెట్ల అంగడికి నడిచింది. అంగడాయన నెలనెలా కట్టకుండా మధ్యలో ఆపితే మళ్లా చేరేదానికి వేరే దుడ్లు పడతాయని కొత్త షరతు పెట్టినాడంట, దానికి. ఆమె గొంతు పెంచలా. మీ అంగడి మంగళవారం మూత కదన్నా అనింది. అవునన్నాడు. పోయిన నెల మీ బామ్మర్ది పెండ్లికి రెండు దినాలు మూసినారు, ఒక దినం బంద్ అనింది. అవునన్నాడు. మరి మేము నెలకు కట్టినాము, మీరు ఏడు దినాలు తక్కువ ఇచ్చినారు, ఆ ఏడు దినాలు రాసియ్యండి, అప్పుడు మీ కొత్త షరతు గురించి మాట్లాడుకుందాము అనింది. ఆయన శానాసేపు నెత్తి గోక్కొని, ఆఖరికి కార్డు మీద నాలుగు దినాలు ఎక్కువ రాసి సంతకం పెట్టిచ్చినాడు. షరతు ఊసే ఎత్తలా. మేము మెట్లు దిగుతాంటే నన్ను పిలిచి, మీ వదిన మాదిరి ఇంకో నలుగురొస్తే నేను అంగడి మూసుకోవల్లమ్మా అన్నాడు. ఆ తిట్టు కూడా ఆమెకే దక్కింది.

బజార్లో నడుస్తా ఆమె నా చెయ్యి పట్టుకునింది. "ఈ నాలుగు దినాలు నీవి పాపా. నువ్వు ఏది తెమ్మంటే అదే తెస్తారు, నేను ముట్టుకోను" అనింది. నేను పట్టుబట్టి, ఒక్కరే ఆడే కార్ల పందెం క్యాసెట్టు తెప్పించుకున్నాను. నాకది ఇష్టమై కాదు, ఆమెకు పక్కన తావు లేకుండా ఉండల్లని. నాలుగు సాయంత్రాలూ ఆమె నా పక్కనే కూర్చొని, భలే తిప్పినావు పాపా, భలే తిప్పినావు అని మెచ్చుకుంటానే ఉన్నింది. అన్న చాప చివర్లో కూర్చొని నిద్రపోయినాడు. ఐదో దినం మళ్లా రెండో రిమోటు ఆమెకు పోయింది.

ధర్మవరం కూడా ఒకసారి పోయినాను ఆమెతో. వాళ్లింట్లో నడవా అంతా మగ్గాలే. మగ్గం పైన ఒక పెట్టె, దానికి దండ మాదిరి కుట్టిన అట్టలు వేలాడతా తిరుగుతాంటాయి. అట్టల నిండా బెజ్జాలు. వాళ్ల నాయన ఆ అట్టలు కొట్టే మనిషి. చీర అంచులో నెమలి రావల్లన్నా, మామిడిపిందె రావల్లన్నా ముందు గళ్లకాగితం మీద గీసి, దాన్ని చూసి అట్టల్లో బెజ్జాలు పొడవల్లంట. బెజ్జమున్న కాడ దారం లేస్తాది, లేని కాడ లేయదు అని వదిన నాకు చెప్పబోయింది. నేను చీరలు చూస్తాండే మాదిరి మొగం తిప్పుకున్నాను గానీ చెవులు అక్కడే ఉన్నాయి. వాళ్ల నాయన మాత్రం వదల్లా. నా బిడ్డ పదేండ్లప్పుడే కాగితం ఒక్కసారి చూసి, సగం అట్ట చూడకుండా కొట్టేసేది, మళ్లా ఒకసారి చూసి మిగతా సగం కొట్టేసేది అని చెప్పినాడు. మా నాయనకు నా గురించి చెప్పేదానికి అట్లాంటిది ఒక్కటైనా ఉండాదా అని ఆ రాత్రంతా ఆలోచించినాను. ఏదీ తోచలా.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను.

అది కార్తీకమాసం. వదిన, అన్న ఇద్దరూ ఒక పెద్ద ఆటలో ఆఖరి మజిలీ కాడికొచ్చినారు. కోట, కోటలో రాక్షసుడు, అంతే మిగిలింది. కార్డుకు ఇంకా రెండు దినాలు ఉండాది. వదిన పన్నెండంకెలు రాసుకొని, రేపు ఆదివారం, రేపు ముగించేద్దాము అనింది. నాయన కూడా రేపు చూస్తానన్నాడు. అవ్వ ఆ రాక్షసుణ్ణి చంపేది చూసి పోతాననింది, యాడికి పోతాదో మరి. ఇల్లంతా తిరునాళ్లకు పోయే మాదిరి ఉన్నారు. అన్న నవ్వుతా వదిన మొగంలోకి చూసిన చూపు ఒకటుండాది. ఆట గెలిచినప్పుడు ముందర ఆ చూపు నాకొచ్చేది.

మరుసటి దినం పొద్దున అందరూ తలా ఒక పనిలో ఉంటే, నేను టీవీ మీది నోటుబుక్కు తీసి, అదే పెన్నుతో, వరసలో ఐదో అంకె ఒకటిని ఏడు చేసినాను. పైన ఒక చిన్న గీత, నడుముకు ఒక చిన్న గీత, అంతే. 

మధ్యాహ్నం భోజనాలై అందరూ కూర్చున్నాక ఆమె నంబరు కొట్టింది. తప్పు అని పడింది. మళ్లా కొట్టింది. మళ్లా తప్పే. నోటుబుక్కు ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకొని శానాసేపు చూసింది. నేను గోళ్లు చూసుకుంటాన్నాను. ఆమె నా వైపు తిరగలా, ఎవరి వైపూ తిరగలా.

"నేనే తప్పు రాసుకొనింటా" అనింది.

లేచి, గాజుల మీది కట్టు విప్పుకొని వంటింట్లోకి పోయింది. నాయన, అయితే ఇంకో నెల దుడ్లు గోవిందా అన్నమాట అని పైగుడ్డ దులుపుకొని బయటికి పోయినాడు. ఆమె మీద ఆయన ఒక మాట విసిరింది అదే మొదలు, అదే ఆఖరు. ఆ సాయంత్రం నేను పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను.

ఆ తర్వాత ఆమె ధర్మవరం పోయొచ్చింది. వచ్చేటప్పుడు పనికిరాని మగ్గం అట్టలు కొన్ని, బెజ్జాలు పొడిచే చిన్న ఉలి ఒకటి తెచ్చుకొనింది. వంటింట్లో బియ్యం డబ్బా పైన మేకుకు ఒక అట్టలదండ వేలాడింది. పుట్టింటి మీద గాలి తిరిగిందేమో, ఉండనీలే అనింది అమ్మ. ఇంకో కొత్త అలవాటు కూడా పట్టుకునింది ఆమెకు. ఆట మొదలుపెట్టే ముందర, నోటుబుక్కు తెరిచి పెట్టి, "పాలు చూసొస్తా" అని వంటింట్లోకి పోయేది. వచ్చి రిమోటు తీసుకొని, ఐదారు మీటలు నొక్కి, ఇంకోసారి చూసొస్తానని మళ్లా పోయేది. మీ పాలు ఏం పాలు వదినా, రెండుసార్లు పొంగుతాయే అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆమె నవ్వేది.

నేను అంతటితో ఆగినానా? ఆగలా. ఒకసారి చేసినాక చెయ్యి అలవాటు పడింది. నెలకొకసారి, రెండుసార్లు, మూడును ఎనిమిది చేసేదాన్ని, ఒకటిని ఏడు చేసేదాన్ని. చిత్రమేమంటే దానివల్ల ఏమీ అయ్యేది కాదు. నోటుబుక్కులో తప్పు నంబరు ఉండేది, టీవీలో మాత్రం సరైన మజిలీ తెరుచుకునేది. ఆమెకు పన్నెండంకెలూ నోటికొచ్చేసినాయి కాబోలు అనుకున్నాను. ఎంత తలకాయ ఇచ్చినాడమ్మా దేవుడు అని కుళ్లి కుళ్లి చచ్చినాను. నాకు హిందూపురం సంబంధం కుదిరి, పెండ్లయి పోయినాక కూడా, పుట్టింటికి వచ్చినప్పుడల్లా నోటుబుక్కు టీవీ మీద అదే గుడ్డ కింద నా కోసం కాచుకొని ఉండేది. బిడ్డను చంకనేసుకొని కూడా ఒక అంకె మార్చి పోయినాను. నవ్వుకోండి. నాకే నవ్వొస్తాది.

కాలం గడిచి సీడీలొచ్చినాయి, అంగడికి గిరాకీ తగ్గింది. మూసేటప్పుడు అంగడాయన క్యాసెట్లు తూకానికి అమ్మినట్ల అమ్మేసినాడంట. ఆమె ఒక్కటే కొనింది, ఆ కోట ఆట. అదొక్కటే వాళ్లు ముగించలేదంట. ముగించేస్తే మళ్లా ఆడేదానికి ఏముంటాది, అది అట్లే ఉండనీ అనేదంట. ఆమె పొదుపు అట్ల ఉండేది.

జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి తిరిగి రాలేదు. తొమ్మిది దినాలు. ఆఖరి దినం నేను మంచం కాడ ఉన్నాను. ఆసుపత్రి గది అద్దె దినానికి లెక్కనా, పూటకు లెక్కనా అని అడిగింది నన్ను. అంత నీరసంలో కూడా. నాకు చెప్పబుద్ధి కాలా, పండుకో వదినా అన్నాను. అదే నేను ఆమెతో మాట్లాడిన ఆఖరి మాట.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లినాక, ఒక మధ్యాహ్నం అన్న ఊరికే గోడ చూస్తా కూర్చొని ఉన్నాడు. వాడు అన్నం తిని రెండు దినాలైంది. నేను ఏం చేసేదో తెలీక, చాప పరిచినాను. గూట్లో నుంచి పెట్టె దించి, దుమ్ము తుడిచి, వైర్లు విడదీసినాను. మొదటి రిమోటు వాని ఒళ్లో పెట్టినాను. వాడు కొంచెంసేపు దాన్ని చూసి, రెండోది తీసి నా చేతికిచ్చినాడు.

పదకొండేండ్ల నుంచి నేను అడగకుండా అడిగింది అదే. చేతిలో పట్టుకుంటే మీటల మీద రంగు పోయి, బొటనవేలు పెట్టే కాడ గుంట పడిండాది. ఆ గుంట నా వేలికి సరిపోలా.

వాడు కోట క్యాసెట్టు గుచ్చినాడు. నేను నోటుబుక్కు తీసి, కోట ఆట పేజీ తెరిచి, అంకెలు చదవబోయినాను. అన్న తల అడ్డంగా ఊపినాడు.

"అది పనికిరాదు మ్మే. ఆమె దాన్ని చూసి ఎప్పుడూ కొట్టలా. బియ్యం డబ్బా మీద అట్టలుండాయి చూడు, వాటిలో పొడిచి పెట్టుకునేది. అవి చూసొచ్చే కొట్టేది."

"మరి ఇది యాలకు రాసేది?" అన్నాను.

"అది నీదంట. మీ చెల్లెలికి ఒకటి ఉండనీ, దాని జోలికి నువ్వు పోవద్దు, దాన్ని యాడికీ మార్చొద్దు అనేది. నీ దగ్గర కూడా నంబర్లు ఉండల్లని కాబోలు."

వానికి ఏమీ తెలీదు. ఆమె చెప్పలా. కట్టుకున్న మొగునికి కూడా చెప్పలా.

నేను నోటుబుక్కు పట్టుకొనే లేచి వంటింట్లోకి పోయినాను. మేకుకు అట్టలదండ అట్లే ఉండాది. ఒక్కో అట్టకు పన్నెండు వరసలు, వరసకు ఇన్నని బెజ్జాలు. పై అట్ట కోటది. వేలు పెట్టి లెక్కపెట్టినాను. మూడు, సున్నా, ఎనిమిది, రెండు. ఐదో వరసలో ఒకే ఒక్క బెజ్జం. నోటుబుక్కులో అదే తావున నా ఏడు నిలబడుకొని ఉండాది, నడుముకు అడ్డగీతతో. ఆమె ఏడుకు ఎప్పుడూ ఆ గీత ఉండేది కాదని అప్పుడు చూసినాను. పేజీలు తిప్పితే ప్రతి పేజీలోనూ నా గీతలు నల్లగా కనపడతాండాయి. మొదటి దినమే, కిటికీ వెలుగులో పట్టుకున్నప్పుడే ఆమెకు తెలుసు. తెలిసి, ఆడుకునేదానికి అట్టలు పెట్టుకొని, నేను పాడుచేసుకునేదానికి నోటుబుక్కు పెట్టింది. పదేండ్లపాటు, ఒక్క నంబరు తప్పకుండా, నా కోసం రాసింది. నేను పెండ్లయి పోయినాక కూడా రాసింది, వచ్చినప్పుడు చేతికి పని లేకుండా పోతాదని.

ఏడుపు రాలా. కడుపుమంటే వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా జుట్టు పట్టుకొని అడిగింటే ఏమి? ఇద్దరం కొట్లాడుకొనిందుము, తిట్టుకొనిందుము, ఏదో ఒక దినం నేను కూడా గెలిచిందును. ఆ అవకాశం కూడా మిగిల్చుకొని పోయింది పొదుపుగత్తె.

"ఏమ్మే, ఏం చేస్తాండావు?" అని చాప మీద నుంచి అన్న పిలిచినాడు.

పొయ్యి మీద గిన్నె లేదు. పొయ్యే వెలిగించలేదు ఆ దినం.

"పాలు చూస్తాండా" అన్నాను.

ఆరంకెలు నోట్లో పెట్టుకొని బయటికొచ్చి, ఒక్కొక్కటే చెప్పినాను. అన్న ఒక్కొక్కటే కొట్టినాడు. మిగిలిన ఆరింటికి మళ్లా లేచిపోయినాను.